ఫ్లాటు ధర అడుగుల్లో, విలువ గజాల్లో

హైదరాబాద్‌లో ఫ్లాటు బేరం ఎప్పుడూ ఎస్‌ఎఫ్‌టీ (చదరపు అడుగు) లెక్కనే సాగుతుంది. ఎస్‌ఎఫ్‌టీ 5,000, ఫ్లాటు 1,600 ఎస్‌ఎఫ్‌టీ, మొత్తం 80 లక్షలు. బ్రోషర్లో ఈత కొలను, క్లబ్‌హౌస్, ఇటాలియన్ మార్బుల్ అన్నీ ఉంటాయి. అసలు సంగతి మాత్రం సేల్ డీడ్ చివర షెడ్యూల్ దగ్గర ఉంటుంది. అక్కడ ఫ్లాటు నంబరు, హద్దులు రాసి, పక్కనే ‘అవిభాజ్య వాటా 32 చదరపు గజాలు’ అని ఒక ముక్క కనిపిస్తుంది. జనం నోట్లో యూడీఎస్ అంటే ఇదే. మీ పేరున శాశ్వతంగా ఉండే భూమి ఆ 32 గజాలే. గోడలు, లిఫ్టు, పైపులు ఏటా పాతబడతాయి. ధర పెరిగేది ఆ భూమికి. కొనేటప్పుడు ఆ అంకె అడిగేవాళ్లు మాత్రం తక్కువ.

ముందు అడుగుల సంగతి. 1,600 అన్నది సూపర్ బిల్టప్. అందులో మెట్లు, కారిడార్, లిఫ్టు, లాబీ, క్లబ్‌హౌస్‌లలో మీ వంతు కలిసి ఉంటాయి. స్థిరాస్తి ప్రాజెక్టుల్ని నియంత్రించే రెరా చట్టం గుర్తించేది కార్పెట్ ఏరియాని మాత్రమే. అంటే ఇంటి లోపల వాడుకోగల నేల, లోపలి అడ్డుగోడలు. బయటి గోడలు, షాఫ్టులు, బాల్కనీ అందులో లేవు. పెద్ద ప్రాజెక్టుల్లో 1,600కి కార్పెట్ 1,100 అటూఇటూ రావడం మామూలే. రెండు ప్రాజెక్టుల్ని పోల్చేటప్పుడు ఎస్‌ఎఫ్‌టీ రేటు పక్కన పెట్టి, మొత్తం ధరను కార్పెట్‌తో భాగించి చూడండి. చవకగా కనిపించినది చాలాసార్లు చవక కాదని తేలుతుంది.

ఇప్పుడు గజాలు. 600 గజాల స్థలంలో స్టిల్ట్ (కింద పార్కింగ్) మీద ఐదంతస్తులు, అంతస్తుకి రెండు చొప్పున పది ఫ్లాట్లు కడితే ఒక్కోదానికి 60 గజాలు వస్తాయి. అదే 5 ఎకరాల్లో, అంటే 24,200 గజాల్లో, వెయ్యి ఫ్లాట్ల టవర్లు లేపితే ఒక్కోదానికి 24 గజాలు. 2006లో కొత్త భవన నియమాలు వచ్చాక ఇక్కడ ఎఫ్‌ఎస్‌ఐ, అంటే స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న పరిమితి లేకుండా పోయింది. స్థలం, ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ సరిపోతే ఎంత ఎత్తుకైనా వెళ్లొచ్చు. అందుకే గచ్చిబౌలి, కోకాపేట వైపు అంతస్తులు పెరిగేకొద్దీ ఒక్కో ఫ్లాటు వాటా చిక్కిపోతోంది. ముప్పై నలభై ఏళ్లకు భవనం పడగొట్టి కొత్తది కట్టాల్సి వచ్చినప్పుడు బేరం జరిగేది ఈ గజాల మీదే. క్లబ్‌హౌస్ బాగుందని అప్పుడు ఎవరూ ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వరు.

ఇందులో ఇంకో మెలిక. రోడ్డు విస్తరణకి వదిలిన భాగం, పార్కుకి ఇచ్చిన భాగం తీసేశాక మిగిలిన నికర స్థలాన్నే పంచాలి. కొందరు మొత్తం విస్తీర్ణం మీద పంచేసి రాస్తారు. శాంక్షన్ ప్లాన్ మీద నెట్ ప్లాట్ ఏరియా ఉంటుంది. మీ యూడీఎస్‌ను ఫ్లాట్ల సంఖ్యతో గుణిస్తే దానికి దగ్గరగా రావాలి. ఫ్లాట్ల సైజులు వేరైతే సైజును బట్టి సర్దుకోండి. పది నిమిషాల పని ఇది.

ప్రీ లాంచ్ వల

మార్కెట్లో ఎస్‌ఎఫ్‌టీ 6,000 నడుస్తుంటే ఎవరో 3,500కి ఇస్తామంటారు. షరతు ఒక్కటే, డబ్బు మొత్తం ఇప్పుడే కట్టాలి. అనుమతి ఉండదు, రెరా నంబరు ఉండదు. ‘నాలుగు నెలల్లో వచ్చేస్తుంది’ అంటారు. చేతికి వంద రూపాయల స్టాంపు పేపర్ మీద ఎంఓయూ (ఒప్పంద పత్రం) వస్తుంది, లేదంటే యూడీఎస్ రిజిస్ట్రేషన్. రెండోది జనానికి ధైర్యం ఇస్తుంది, ‘భూమి మన పేరు మీదికి వచ్చేసింది కదా’ అని. అది ఎలాంటి ధైర్యమో చూద్దాం.

ఐదెకరాల్లో ఐదు వందల మందికి తలా కొంత అవిభాజ్య వాటా రాశారనుకోండి. బిల్డర్ చేతులెత్తేశాడు. ఇప్పుడా భూమికి ఐదు వందల మంది యజమానులు. ఎవరి వాటా ఏ మూల ఉందో ఎవరికీ తెలియదు, హద్దు రాయి వేయలేరు. వేరే బిల్డర్‌కి డెవలప్‌మెంట్‌కి ఇవ్వాలంటే ఐదు వందల సంతకాలు కావాలి. ఒకరు డాలస్‌లో ఉంటారు, ఒకరు చనిపోయి వారసులు కోర్టులో ఉంటారు, ఇద్దరు ముగ్గురు ఎంతకీ ఒప్పుకోరు. మీ ఒక్కరి వాటా అమ్ముదామంటే కొనేవాడు దొరకడు. కాగితం మీద యజమానే, చేతిలో మాత్రం ఏమీ లేదు.

ఇంత తక్కువకి ఎలా ఇస్తారన్న ప్రశ్నకి జవాబు కూడా ఇందులోనే ఉంది. భూమి యజమానికి చాలాసార్లు అడ్వాన్స్ మాత్రమే ఇచ్చి ఉంటారు. మీ డబ్బుతో ఆ భూమి కొంటారు, లేదా ఇంకో చోట సగంలో ఆగిన ప్రాజెక్టు పూర్తి చేస్తారు. ఇక్కడి కట్టడానికి తర్వాతి ప్రీ లాంచ్ డబ్బు రావాలి. గొలుసు ఎక్కడో ఒకచోట తెగుతుంది.

2016 నాటి రెరా చట్టం దీనికి అడ్డుకట్ట వేసింది. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించినా రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. రిజిస్టరయిన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి వసూలు చేయకూడదు. కొనుగోలుదారుల దగ్గర తీసుకున్న దాంట్లో 70 శాతం ఆ ప్రాజెక్టు పేరున విడి ఖాతాలో ఉంచి, భూమికీ నిర్మాణానికీ మాత్రమే తీయాలి. ప్రీ లాంచ్‌లో డబ్బు కట్టారంటే ఈ మూడు రక్షణలూ మీకు మీరే వదులుకున్నట్టు. రెరాకి ఫిర్యాదు చేసే హక్కు అప్పుడూ ఉంటుంది, వాపసు ఇమ్మని ఆర్డర్ కూడా వస్తుంది. కానీ ఆ ఆర్డర్ అమలు కలెక్టర్ ద్వారా భూమిశిస్తు బకాయిలా వసూలు చేయడం. బిల్డర్ పేరున ఆస్తులు మిగలకపోతే వసూలు చేసేది ఎక్కడినుంచి?

కాగితాల్లో కనిపించనివి

రిజిస్ట్రేషన్ అయింది కాబట్టి టైటిల్ పక్కా అనుకోవడం మన దగ్గర పెద్ద అపోహ. సబ్ రిజిస్ట్రార్ నమోదు చేసేది పత్రాన్ని, యాజమాన్యాన్ని కాదు. అమ్మేవాడికి హక్కు ఉందా లేదా అన్నది తేల్చుకోవాల్సింది కొనేవాడే.

అందరూ మొదట తీసేది ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం. ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది. అది చెప్పేది రిజిస్టరయిన లావాదేవీలు మాత్రమే. నోటరీ అగ్రిమెంట్లు, వీలునామాలు, కోర్టు కేసులు, ఇంట్లో వాళ్ల వాటాలు అందులో కనిపించవు. పైగా ఈసీ వెతికేది మీరిచ్చిన వివరాలతోనే. పాత దస్తావేజులో సర్వే నంబరు 112 అని ఉండి, తర్వాత 112/అ, 112/ఆ అయితే, ఒక్క దానితో వెతికితే ‘నిల్’ వస్తుంది. ఇంటి నంబర్లు మారినా అంతే. నిల్ చూసి సంబరపడొద్దు. సర్వే నంబరుతో, ప్లాటు నంబరుతో, ఇంటి నంబరుతో, పాత ఊరి పేరుతో విడివిడిగా తీయించండి.

తర్వాత లింక్ డాక్యుమెంట్లు. ఇప్పటి యజమాని నుంచి వెనక్కి వెళ్తూ ఒక్కో చేతి మార్పుకీ రిజిస్టర్డ్ పత్రం ఉండాలి. భూమి వ్యవసాయంగా ఉన్నప్పటి రికార్డు వరకు వెళ్లాలి. తెలంగాణలో లాయర్లు 1954-55 ఖాస్రా పహాణీ (పాత భూమి రికార్డు) అడిగేది ఇందుకే. అందులో ప్రభుత్వ భూమి అనో, అసైన్డ్ (పేదలకి ప్రభుత్వం ఇచ్చినది) అనో, ఇనాం (పాత పాలకులు ఇచ్చినది) అనో ఉంటే తర్వాత ఎన్ని సేల్ డీడ్లు పేర్చినా పునాది కదులుతుంది. అసైన్డ్ భూముల బదిలీని 1977 చట్టం నిషేధించింది. ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూములు రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద నిషేధిత జాబితాలో ఉంటాయి. ఆ జాబితా రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో సర్వే నంబరు కొట్టి చూసుకోవచ్చు. ఫ్లాటు కొని పదేళ్లయ్యాక సర్వే నంబరు ఆ జాబితాలోకి ఎక్కితే అమ్మడం ఆగిపోతుంది, బ్యాంకు కూడా వెనకాడుతుంది. తప్పుగా ఎక్కినా తీయించుకోవడానికి కాళ్లరిగేలా తిరగాలి.

జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద అమ్మకం విషయంలో సుప్రీంకోర్టు 2011లోనే సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చేసింది. జీపీఏ, అగ్రిమెంటు, వీలునామా కట్టగా ఇచ్చి డబ్బు తీసుకున్నంత మాత్రాన యాజమాన్యం మారదు. బిల్డర్‌కి భూ యజమాని ఇచ్చే డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కమ్ జీపీఏ దీనికి వేరు, అది చెల్లుతుంది. కానీ అక్కడా ఒకటి చూడాలి. ఏ ఫ్లాట్లు బిల్డర్‌వి, ఏవి యజమానివి అని పంచుకున్న సప్లిమెంటరీ డీడ్ రిజిస్టర్ అయిందా? అది లేకుండా బిల్డర్ అమ్మిన ఫ్లాటు రేపు యజమాని వాటాలో తేలొచ్చు.

కుటుంబ ఆస్తి అయితే ఆడపిల్లల సంతకాలు. ఉమ్మడి రాష్ట్రంలో 1985లోనే కూతుళ్లకి పిత్రార్జితంలో సమాన వాటా ఇచ్చారు, అప్పటికే పెళ్లయిన వాళ్లని మినహాయించి. 2005 కేంద్ర సవరణ ఆ మినహాయింపును ఉంచలేదు. 2004 డిసెంబర్ 20కి ముందు రిజిస్టరయిన పత్రంతోనో, కోర్టు డిక్రీతోనో పంపకాలు జరిగి ఉంటే తప్ప, ‘అక్కకి కట్నం ఇచ్చేశాం’ అన్న మాట కోర్టులో నిలవదు. అక్క సంతకం లేని సేల్ డీడ్‌లో అక్క వాటా బదిలీ కాదు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం అడగడం మొహమాటంగానే ఉంటుంది. తర్వాత పార్టిషన్ సూట్ నోటీసు అందుకోవడం కన్నా నయం.

చెరువు, మార్ట్‌గేజ్, ఓసీ

2024 జులైలో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక నగరంలో అందరి నోటా ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు), బఫర్ (దాని చుట్టూ వదిలే ఖాళీ) అన్న మాటలు మొదలయ్యాయి. నియమాలు మాత్రం 2012 జీవో 168 నుంచే ఉన్నాయి. 10 హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువుకి ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుకి, కుంటకి 9 మీటర్లు వదలాలి. నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, లేకపోతే 2 మీటర్లు. అనుమతి ఉంది కదా అనుకుంటే సరిపోదు. సర్వే నంబరు తప్పుగా చూపించి తెచ్చుకున్న అనుమతి రద్దవుతుంది, దాని మీద కట్టింది అక్రమం అవుతుంది. హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపులో సర్వే నంబరు పెట్టి చూడండి. వానాకాలంలో ఒకసారి సైటు దగ్గరికి వెళ్లి రండి. మ్యాపు చెప్పనిది నీళ్లు చెప్తాయి.

మార్ట్‌గేజ్ సంగతి కొనేవాళ్లకి సాధారణంగా తెలియదు. ప్లాన్ ప్రకారం కడతానన్న హామీగా బిల్డర్ కట్టుబడి విస్తీర్ణంలో 10 శాతం మున్సిపల్ సంస్థకి తాకట్టు పెడతాడు. అవి ఏయే ఫ్లాట్లు అన్నది మార్ట్‌గేజ్ డీడ్‌లో నంబర్లతో సహా ఉంటుంది. ఓసీ, అంటే ప్లాన్ ప్రకారమే కట్టారని ఇచ్చే నివాసయోగ్య పత్రం, వచ్చాకే అవి విడుదల. ‘ఈ ఒక్క ఫ్లాటు మాత్రం కాస్త తగ్గించి ఇస్తాను’ అంటే అది ఈ పదిశాతంలోది కావచ్చు. విడుదల కాకుండా దానికి రిజిస్ట్రేషన్ అవదు, లోన్ రాదు.

ఓసీ లేకుండా గృహప్రవేశం చేసేయడం మనకి అలవాటే. ప్లాన్‌లో లేని పెంట్‌హౌస్ ఒకటి, సెట్‌బ్యాక్‌లో (చుట్టూ వదలాల్సిన ఖాళీలో) గది ఒకటి కట్టినందువల్లే చాలా భవనాలకి ఓసీ రాదు. దాని ఫలితం ఆస్తిపన్ను మీద అదనపు జరిమానాగా, అమ్మే రోజున బ్యాంకు లోన్ తిరస్కరణగా వస్తుంది. ఆ పెంట్‌హౌస్ మీది కాకపోయినా ఫలితం మీరూ అనుభవిస్తారు. ఇంకోటి, కంప్లీషన్ సర్టిఫికెట్ రాకముందు కట్టిన డబ్బుకి 5 శాతం జీఎస్టీ పడుతుంది, వచ్చాక కొంటే పడదు. 45 లక్షల లోపు ధర ఉండి, మహానగరంలో 60 చదరపు మీటర్ల కార్పెట్ దాటకపోతే 1 శాతమే.

అసలు ఎంత పెట్టారు, ఎంత వచ్చింది

80 లక్షల ఫ్లాటుకి తెలంగాణలో స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ 0.5 కలిపి 7.5 శాతం, అంటే 6 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లోనూ మొత్తం అంతే. జీఎస్టీ 4 లక్షలు. కప్‌బోర్డులు, ఫాల్స్ సీలింగ్, కార్పస్ ఫండ్ (భవన నిర్వహణకి మూలనిధి), మెయింటెనెన్స్ అడ్వాన్స్ కలిపి ఇంకో 10 లక్షలు పెట్టుకుందాం. ఎనభై అనుకున్నది కోటి అయింది.

రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం 30 నుంచి 75 లక్షల మధ్య లోన్‌కి ఆస్తి విలువలో 80 శాతం దాకా ఇస్తారు. ఆ విలువలో రిజిస్ట్రేషన్ ఖర్చులు కలపరు. అంటే 64 లక్షల లోన్ వచ్చినా మిగతా ముప్పై ఆరు చేతి నుంచి పెట్టాలి. ఇక్కడ పర్సనల్ లోన్ తీసుకునేవాళ్లు మొదటి ఏడాదిలోనే ఇబ్బంది పడతారు.

64 లక్షలు, 8.5 శాతం, 20 ఏళ్లు. నెలకి ఈఎంఐ 55,540. మొదటి నెలలో అందులో 45,333 వడ్డీ, అసలుకి జమయ్యేది 10,207. ఐదేళ్లకి 33.3 లక్షలు కట్టేశాక కూడా అప్పు 56.4 లక్షలు ఉంటుంది. ఐదేళ్లలో ఇల్లు అమ్మి లాభం చూద్దామనుకునేవాళ్లు ముందు ఈ అంకె దగ్గర ఆగాలి. ఏటా ఒక ఈఎంఐ అదనంగా కడితే 20 ఏళ్లు పదహారున్నర అవుతాయి. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు గృహరుణానికి ముందస్తు చెల్లింపు మీద పెనాల్టీ లేదు.

రేటు ఎటు కదులుతుందో కూడా చూడాలి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో (బ్యాంకులకి రిజర్వు బ్యాంకు అప్పిచ్చే రేటు) 4 నుంచి 6.5 శాతానికి పెరిగింది. 6.75 శాతానికి 64 లక్షలు తీసుకున్నవాళ్ల ఈఎంఐ 48,663. రేటు 9.25 అయ్యాక నెల వడ్డీ ఒక్కటే 49,333. ఈఎంఐ అలాగే ఉంచి గడువు పెంచుదామంటే ఆ అప్పు ఎప్పటికీ తీరదు, పెరుగుతుంది. అందుకే రేటు పెరిగినప్పుడు గడువు పెంచాలా, ఈఎంఐ పెంచాలా అన్నది ఖాతాదారు ఎంచుకునేలా చూడాలని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశించింది. బ్యాంకు నుంచి వచ్చిన మెసేజీలో గడువు ఎన్ని నెలలైందో చూసుకోండి.

అద్దెకిస్తే 25,000 అనుకుందాం. ఏడాదికి 3 లక్షలు. ఒక నెల ఖాళీ, ఆస్తిపన్ను, అద్దెకున్నవాళ్లు మారినప్పుడల్లా పెయింటింగ్, ప్లంబింగ్ తీసేస్తే రెండున్నర లక్షలు మిగులుతాయి. కోటి మీద రెండున్నర శాతం. కొత్త పన్ను విధానంలో సొంతంగా ఉండే ఇంటి లోన్ వడ్డీకి మినహాయింపు లేదు. అద్దెకిచ్చిన ఇంటికి ఉంది కానీ, వడ్డీ అద్దెను మించి నష్టం తేలితే దాన్ని జీతంలో సర్దుకోలేరు.

ఎనిమిదేళ్లకి 1.2 కోట్లకి అమ్మారనుకోండి. పెళ్లిళ్లలో ‘ఎనభైకి కొని కోటీ ఇరవైకి అమ్మాడు’ అని చెప్పుకుంటారు. పెట్టింది కోటి కాబట్టి పెరుగుదల ఏడాదికి 2.3 శాతం. పన్ను లెక్కలో కొన్న ఖరీదు 80తో పాటు రిజిస్ట్రేషన్, జీఎస్టీ కలిపి 90 లక్షలు తీసుకుంటే లాభం 30 లక్షలు, 12.5 శాతం చొప్పున 3.75 లక్షలు, దాని మీద సెస్సు. కొన్న ఖరీదును ద్రవ్యోల్బణాన్ని బట్టి పెంచి చూపే ఇండెక్సేషన్ 2024 జులై 23 నుంచి పోయింది. అంతకుముందు కొన్న ఇంటికి మాత్రం, ఇక్కడ నివసించేవాళ్లు 20 శాతంతో ఇండెక్సేషన్ కూడా ఎంచుకోవచ్చు. ఆ లాభంతో రెండేళ్లలో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా పన్ను తప్పుతుంది. కొన్నప్పుడు కొంత ‘బ్లాక్’లో ఇచ్చి విలువ తక్కువ రాయించుకున్నవాళ్లకి ఆ తక్కువ ధరే ఇక్కడ కొన్న ఖరీదు అవుతుంది, లాభం పెద్దదిగా కనిపిస్తుంది. అమ్మేవాడు 20 వేలు, ఆ పైన నగదు తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడొచ్చు.

ఫ్లాటు ధర 50 లక్షలు, ఆ పైన ఉంటే అమ్మేవాడికి ఇచ్చే మొత్తంలో 1 శాతం టీడీఎస్ (ముందుగానే కోసే పన్ను) పట్టుకుని కట్టాల్సింది కొనేవాడే. కట్టడం మరిచిపోతే ఆలస్యానికి రోజుకి 200 రుసుము. అమ్మేవాడు అమెరికాలోనో గల్ఫ్‌లోనో స్థిరపడినవాడైతే ఈ 1 శాతం వర్తించదు. దీర్ఘకాల లాభం రేటు 12.5 శాతం, సర్‌ఛార్జి, సెస్సు కలిపి పట్టుకోవాలి. ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ కోతకి సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే అది లాభం మీద కాక మొత్తం ధర మీద పడుతుంది. తెలియక 1 శాతం కట్టి ఊరుకున్నవాళ్లకి తర్వాత వచ్చే నోటీసు లక్షల్లో ఉంటుంది. విదేశంలో రాసిన పవర్ ఆఫ్ అటార్నీని భారతదేశానికి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించకపోతే రిజిస్ట్రేషన్ రోజున సబ్ రిజిస్ట్రార్ వెనక్కి పంపుతాడు.

లోన్ తీరిన రోజున పని అయిపోదు. ఒరిజినల్ పత్రాలు 30 రోజుల్లో తిరిగివ్వాలి, బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 చొప్పున మీకు కట్టాలి. 2023 డిసెంబర్ నుంచి ఇదే నియమం. పత్రాలతో పాటు, లోన్ సమయంలో బ్యాంకు పేరున రిజిస్టర్ చేయించిన డిపాజిట్ ఆఫ్ టైటిల్ డీడ్స్ (పత్రాల తాకట్టు) రద్దు కూడా రిజిస్టర్ చేయించాలి. నెల తర్వాత ఈసీ మళ్లీ తీయండి. అందులో ఆ రద్దు నమోదై కనిపించేదాకా, కొనడానికి వచ్చేవాడి లాయరు మీ ఫ్లాటు ఇంకా తాకట్టులోనే ఉందంటాడు.